దొరల ఓడ టికెట్టు, అటెండరు బస్సు టికెట్టు

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో దొరల కాలం నాటి పొదుపు మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇప్పటి అధికారుల టూర్ ఖర్చులు చూస్తే కళ్లు తిరుగుతున్నాయనీ, తెల్లవాళ్ల హయాంలో ప్రయాణం బిల్లులో ఒక్క అణా ఎక్కువ రాసినా ఊరుకునేవారు కాదనీ, ఆ క్రమశిక్షణ మళ్లీ రావాలనీ రచయిత వాపోయారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండోది సగం నిజం. అణా ఎక్కువ రాస్తే ఊరుకోని మాట వాస్తవమే. ఆ అణా ఎవరి బిల్లులోదన్న సంగతి మాత్రం వ్యాసంలో ఎక్కడా లేదు.

నేను ఖజానా శాఖలో జూనియర్ అకౌంటెంటుగా చేరి సబ్ ట్రెజరీ ఆఫీసరుగా రిటైరయ్యాను. టీఏ (ప్రయాణ భత్యం) బిల్లులు పాస్ చేయడం, కోత వేయడం, అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపడం, తిట్లు తినడం, ఇవే నా ఉద్యోగం. రిటైరయ్యాక నా తోటివాళ్లు తీర్థయాత్రలు పట్టుకుంటే నాకు పాత బడ్జెట్ పుస్తకాలు, కమిటీ రిపోర్టుల పిచ్చి పట్టుకుంది. ఇంట్లో అందరూ నవ్వుతారు. అయినా ఎవరి ప్రయాణానికి ఎవరు డబ్బు కట్టారో చూడకుండా ఉండలేని అలవాటు ఒకటి నాకు ఉండిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

వ్యాసకర్త మెచ్చుకున్న ఆ పొదుపు కథ 1922లో మొదలుపెడదాం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత భారత ప్రభుత్వ ఖజానా వరసగా లోటులో పడింది. ఖర్చు ఎక్కడెక్కడ తగ్గించవచ్చో చెప్పమని ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు లార్డ్ ఇంచ్‌కేప్. 1923లో రిపోర్టు వచ్చింది. మొత్తం 19 కోట్ల రూపాయల పైచిలుకు కోత వేయమన్నారు, అందులో సగానికి పైగా సైన్యం ఖర్చులోంచే. ఆ ధైర్యానికి మెచ్చుకోవాల్సిందే. ఇంతకీ ఈ ఇంచ్‌కేప్ ప్రభువు అసలు వృత్తి ఏమిటనుకున్నారు? పీ అండ్ ఓ ఓడల కంపెనీ ఛైర్మన్. బొంబాయి రేవులో దొరలూ దొరసానులూ ఇంగ్లండుకు ఎక్కే ఓడల కంపెనీ అదే.

అదే 1923 బడ్జెట్లో వైస్రాయి కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడు బాసిల్ బ్లాకెట్ ఉప్పు మీద పన్ను రెట్టింపు చేశాడు. మణుగుకు రూపాయి పావలా ఉన్నది రెండున్నర రూపాయలైంది. కేంద్ర శాసనసభ ఒప్పుకోలేదు. వైస్రాయి లార్డ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారం వాడి దాన్ని అమలు చేయించాడు. నౌపడ, పెదగంజాం, చినగంజాం ఉప్పు కొఠార్లలో ఎండకు మాడుతూ ఉప్పు తీసేవాడు కూడా తన గంజిలోకి ఉప్పు కొనుక్కోవాలంటే ఆ పన్ను కట్టాల్సిందే. మరుసటి ఏడు పాత రేటుకు దించారనుకోండి. కానీ ఖజానా ఖాళీ అన్నప్పుడు మొదట ఎవరి కంచం వైపు చూశారో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంత కరువు కబుర్లు నడుస్తుండగానే 1923లో ఇంకోవైపు ఒక రాయల్ కమిషన్ వేశారు. లార్డ్ లీ ఆఫ్ ఫేర్‌హామ్ దీనికి అధ్యక్షుడు. ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్), పోలీసు లాంటి పెద్ద సర్వీసుల్లో ఉన్న తెల్లవాళ్లు, ధరలు పెరిగాయి, ఓడ చార్జీలు పెరిగాయి, జీతం చాలడం లేదు, ఇలాగైతే ఇంగ్లండు కుర్రాళ్లు ఇక ఇటు రారు అని మొరపెట్టుకున్నారు. 1924లో లీ కమిషన్ రిపోర్టు వచ్చింది. ఆసియాకు చెందని అధికారి ప్రతి ఒక్కరికీ సర్వీసు మొత్తం మీద నాలుగు సార్లు స్వదేశానికి పోయి రావడానికి ఓడ ఖర్చు సర్కారుదే. పెళ్లయితే భార్యకు కూడా అంతే. పిల్లలకు తలా ఒక వైపు ప్రయాణం. తరగతి ఏమిటంటే, పీ అండ్ ఓ ఫస్ట్ క్లాసును ప్రమాణంగా పెట్టారు. మీరు చదివింది నిజమే, ఆ పీ అండ్ ఓనే.

ఇంచ్‌కేప్ కుట్ర చేశాడని నేను అనడం లేదు. లీ కమిషన్లో ఆయన సభ్యుడే కాదు. ఎవరూ కుట్ర చేయనక్కర్లేకుండానే ఇలాంటివి జరిగిపోతాయి, అదే నా బాధ. పొదుపు చెప్పేవాళ్లు, బిల్లు పెట్టేవాళ్లు, ఓడలు నడిపేవాళ్లు ఒకే క్లబ్బులో సాయంత్రాలు గడిపేవాళ్లయితే కోత ఎటు పడుతుందో చెప్పడానికి జాతకం అక్కర్లేదు.

లీ రాయితీలన్నీ కలిపి ఏటా సుమారు కోటి రూపాయల భారం. 1924 ఏప్రిల్ 1 నుంచి వర్తింపజేశారు. ఐసీఎస్‌లో ఉన్న మన వాళ్ల సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. అదే పరీక్ష రాశారు, అదే కుర్చీలో కూర్చున్నారు, ఓడ టికెట్టు మాత్రం లేదు. మన వాళ్లకూ ఇవ్వాల్సిందని నేను అననులెండి. నా లెక్కలో ఎవరికీ ఇవ్వకూడదు.

శాసనసభ ఊరుకుందా అంటే లేదు. 1924 సెప్టెంబరులో మోతీలాల్ నెహ్రూ పెట్టిన సవరణ నెగ్గింది, లీ సిఫార్సులు వద్దని సభ తేల్చి చెప్పింది. అయినా ఆగలేదు. లండన్‌లో నియామకం జరిగిన అధికారుల జీతాలు సభ ఓటుకు వచ్చే పద్దుల్లో లేవు. మాట్లాడుకోవచ్చు, అరుచుకోవచ్చు, కోయడానికి మాత్రం కత్తి చేతిలో లేదు. వ్యాసకర్త చెప్పిన క్రమశిక్షణ ఈ పద్దు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి బయటే నిలబడింది.

లండన్ దాకా ఎందుకు, ఊటీ సంగతి చూడండి. వేసవికి వైస్రాయి ప్రభుత్వమంతా సిమ్లా కొండెక్కే ప్రయాణాలు 1864లో జాన్ లారెన్స్ కాలంలో మొదలయ్యాయి. మద్రాసు ప్రభుత్వానికి ఊటీ. ఎండలు ముదిరితే గవర్నరు, కౌన్సిల్ సభ్యులు, సెక్రటరీలు, గుమాస్తాలు, జవాన్లు, ఫైళ్ల పెట్టెలు అన్నీ కొండెక్కాల్సిందే. పళ్లున్న చక్రాలతో కొండెక్కే రైలు 1899లో కూనూరు దాకా వచ్చింది, ఊటీకి 1908లో. అంతకు ముందు ఆ పెట్టెలు బండ్ల మీదా మనుషుల మీదా ఎక్కాయి. గంజాం, విశాఖపట్నం నుంచి అనంతపురం దాకా మన జిల్లాల రైతులు కట్టిన శిస్తు అందులో ఉంది. విశాఖలోనూ బళ్లారిలోనూ ఎండ లేదా? అక్కడి తాలూకా గుమాస్తాకు గోనె గుడ్డ తడిపి కిటికీకి కట్టుకోవడమే ఊటీ.

ఊటీలో గవర్నరు బంగళా కట్టించింది బకింగ్‌హామ్ డ్యూక్. ఆయన 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు. ఆ మధ్యలోనే 1876–78 కరువు వచ్చింది, మన పెద్దవాళ్లు ధాత కరువు అన్నది దాన్నే. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో జనం రోడ్ల పక్కన రాలిపోయారు. కరువు పనుల ఖర్చు ఎక్కువైపోతోందని తనిఖీకి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలీకి రోజుకు ఒక పౌను (అరకిలో లోపు) ధాన్యం, ఆ పైన అతి కొద్ది డబ్బు చాలన్నాడు. అంతకు ముందు ఇస్తున్నది పౌనున్నర. పలుగు పట్టి రాళ్లు కొట్టేవాడి గిన్నెలోంచి అరపౌను తీసి దాన్ని పొదుపు అన్నారు. ఈ పొదుపు గురించి కూడా వ్యాసకర్త రాయాల్సింది.

ఇక జిల్లాల్లో దొరల మకాములు. ఈ విషయం నాకు కాగితాల కంటే ముందు మా అమ్మమ్మ దగ్గర తెలిసింది. ఆవిడది పశ్చిమ గోదావరి మెట్ట ఊరు. జమాబందీకి, అంటే ఏటా శిస్తు లెక్కలు తేల్చడానికి, దొరగారు వస్తున్నారంటే వారం ముందు నుంచి ఊళ్లో హడావుడి. గుడారాలు మోసే బండ్లు ముందు వచ్చేవి, వెనక వంటవాళ్లు, దఫేదారు, జవాన్లు. మునసబు, కరణం ఇంటింటికీ మనిషిని పంపేవారు. ఈ ఇంటి నుంచి పాలు, ఆ ఇంటి నుంచి గుడ్లు, కోళ్లు, ఇంకొకరి నుంచి కట్టెలు, గుర్రాలకు గడ్డి. ఆ మూడు నాలుగు రోజులూ పాడి ఉన్న ఇళ్లలోనే పిల్లలకు పాలుండేవి కావని అమ్మమ్మ చెప్పేది. డబ్బులిచ్చేవారా అని అడిగితే, ‘ఇచ్చే ఉంటారే, మా దాకా వస్తేగా’ అనేది. కావడి మోసినవాళ్లకూ, రాత్రంతా దివిటీ పట్టినవాళ్లకూ, గుర్రానికి నీళ్లు తోడినవాళ్లకూ ఆపాటి అనుమానం కూడా ఉండేది కాదు. వాళ్లది వెట్టి. మాలపల్లె నుంచీ మాదిగపల్లె నుంచీ పిలిస్తే రావాలి, అంతే.

ఖజానా మనిషిగా ఇది చదివితే నాకు కనపడేది ఇది. దొరగారి బిల్లులో మైలేజీ ఉంది, దినభత్యం ఉంది, కంట్రోలింగ్ ఆఫీసరు సంతకం ఉంది, అంతా చక్కగా ఉంది. ఆడిట్ వాళ్లకు అణా తేడా కూడా దొరకదు. ఎందుకు దొరుకుతుంది? సగం ఖర్చు ఆ కాగితం మీదకే రాలేదు. అది ఊళ్లో చాకలి, కుమ్మరి, తలారి, కావడివాడి ఖాతాలో పడింది, వాళ్లకు ఖాతా పుస్తకమే లేదు.

నైజాం రాజ్యంలో కూడా ఇంతే, ఇంకాస్త ఎక్కువే. దౌరాకు, అంటే టూరుకు, వచ్చే అధికారులకు సామానూ వెట్టికే, మనిషీ వెట్టికే. 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం, మాడపాటి హనుమంతరావు గారు మొట్టమొదట పట్టుకున్న సమస్యల్లో ఇదొకటి. మన్యంలో అయితే గూడెం రోడ్డు పనుల్లో జనానికి కూలి సరిగా ఇవ్వని డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు అల్లూరి సీతారామరాజు కథ తెలిసినవాళ్లందరికీ తెలుసు. చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగింది 1922 ఆగస్టు 22న. సీతారామరాజును కాల్చి చంపింది 1924 మే 7న. ఇంచ్‌కేప్ కోతలు, లీ ఓడ టికెట్లు, అన్నీ ఆ రెండేళ్లలోపు సంగతులే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 1931 మాంద్యంలో జీతాల కోత దొరలకూ పడింది, పది శాతం. వైస్రాయి విల్లింగ్డన్ తన జీతంలో ఇరవై శాతం వదులుకున్నాడు. 1933లో కోత సగానికి తగ్గించి, 1935లో పూర్తిగా ఎత్తేశారు. ఆ కోత పడడానికి ముందు ఏడాదే, 1930 మార్చి 2న గాంధీగారు విల్లింగ్డన్‌కు ముందున్న వైస్రాయి ఇర్విన్‌కు రాసిన ఉత్తరంలో లెక్క కట్టి చూపించారు. వైస్రాయి జీతం నెలకు 21,000 రూపాయలు, అంటే రోజుకు 700 పైన. సగటు భారతీయుడి ఆదాయం రోజుకు రెండణాల లోపు. ఆ 21,000లో కలవని ఇతర సదుపాయాలు వేరే అని కూడా గాంధీగారు అందులోనే గుర్తు చేశారు. నాకు ఆ ఉత్తరంలో అన్నిటికన్నా నచ్చిన ముక్క అదే, ఎందుకంటే అసలు డబ్బు ఎప్పుడూ ఆ వేరే దాంట్లోనే ఉంటుంది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 1996 టీఏ రూల్స్ ఉన్నాయి. జీతాన్ని బట్టి గ్రేడులు. పెద్ద గ్రేడుకు పెద్ద తరగతి ప్రయాణం, పెద్ద దినభత్యం. ఎనిమిది కిలోమీటర్ల లోపు వెళ్తే అది టూరే కాదు. ఆరు గంటల లోపు తిరిగొస్తే డీఏ (దినభత్యం) లేదు, ఆరు దాటితే సగం, పన్నెండు దాటితే పూర్తి. రూలు రూలే, దాని ప్రకారం నేనూ కోతలు వేశాను, వేయకపోతే నా జీతంలోంచి రికవరీ పెడతారు. నేను పని చేసిన ఒక ఊళ్లో ఒక అటెండరు జిల్లా ఆఫీసుకు తపాలా పట్టుకెళ్లి వచ్చాడు. టూర్ డైరీలో నిజాయతీగా టైములు రాసుకున్నాడు. ఆరు గంటలకు కాస్త తక్కువ. డీఏ కొట్టేశాను, బస్సు చార్జీ మాత్రం పాస్ చేశాను. అతను కౌంటరు దగ్గర నిలబడి, ‘అయితే మేడమ్, దారిలో బస్సు టైరు పంక్చరయి ఉంటే నాకు సగం డీఏ వచ్చేదన్నమాట’ అన్నాడు. వచ్చేదని ఒప్పుకున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ బస్సు చార్జీ కూడా బడ్జెట్ లేదన్న కారణంతో నెలల తరబడి ఆగింది. ఈసారి అతను వచ్చినప్పుడు ఇద్దరికీ నవ్వు రాలేదు.

అదే నెలల్లో ఆ జిల్లాలో పెద్ద అధికారుల ప్రయాణాలు ఆగాయా? ఎందుకు ఆగుతాయి? వాళ్లు తిరిగేది అద్దె కారులో. కారు అద్దె టీఏ పద్దులో ఉండదు, అద్దె వాహనాల పద్దు వేరే. పెట్రోలు, డ్రైవరు, నెలసరి అద్దె అన్నీ అందులోకి పోతాయి. ‘ప్రయాణ ఖర్చుల్లో ఇరవై శాతం పొదుపు’ అని సర్క్యులర్ వస్తే కోత పడేది టీఏ పద్దు మీద. ఆ పద్దులో మిగిలింది ఎవరో చూడండి. సర్వేకు పొలాల వెంట తిరిగే వాళ్లు, టీకాల డబ్బా పట్టుకుని మారుమూల ఊళ్లకు పోయే ఆరోగ్య సిబ్బంది, ట్రైనింగులకు పోయి వచ్చే జూనియర్ అసిస్టెంట్లు, తపాలా మోసే అటెండర్లు. వీళ్లు చేతిలోంచి బస్సు టికెట్టు కొనుక్కుని సర్కారుకు అప్పిచ్చి, తర్వాత ఆ అప్పు కోసం కిటికీ ముందు నిలబడతారు. పెద్దాయన కారు అద్దె మాత్రం నెల తిరిగేసరికి ట్రావెల్స్ వాళ్ల ఖాతాలో పడుతుంది, లేకపోతే కారు రాదు. అటెండరుకు డబ్బు రాకపోయినా అటెండరు వస్తాడు. తేడా అంతా అక్కడే ఉంది.

వ్యాసకర్త గారు ఇప్పటి అధికారుల విలాసం మీద కోపంతో దొరల కాలానికి పరిగెత్తారు. ఆయన కోపం నాకు అర్థమైంది, పరిగెత్తిన దిక్కే తప్పు. ఇప్పటి పద్ధతి ఆకాశం నుంచి ఊడిపడలేదు. పెద్ద గ్రేడు ప్రయాణాన్ని లెక్క అడగని పద్దులో పెట్టి, చిన్న గ్రేడు ప్రయాణాన్ని నిమిషాలు లెక్కపెట్టి కోయడం మనకు వాళ్ల దగ్గరే అబ్బింది. కొంతకాలం వేరే గాలి వీచిన మాట కూడా ఉంది. అది దొరలు పోకముందే వీచింది. 1931 కరాచీ కాంగ్రెస్ నెలకు 500 రూపాయలకు మించిన జీతం వద్దంది, 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం ఆ 500తోనే పని మొదలుపెట్టింది. ఇల్లు, కారు అలవెన్సులు వేరే, ఆ సంగతీ దాచకూడదు కదా.

మీ పత్రికకు నా విన్నపం ఒకటి ఉంది. ఆ వ్యాసానికి రెండో భాగం వేయించండి, అందులో లీ కమిషన్ టికెట్లు, ఊటీ ప్రయాణాలు, వెట్టి రావాలి. దాంతోపాటు మీ విలేకరుల చేత సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టించండి. ప్రతి జిల్లాలో గత ఆర్థిక సంవత్సరంలో అద్దె వాహనాల పద్దు కింద ఎంత చెల్లించారు, టీఏ పద్దు కింద చెల్లించకుండా ఆగిన చిన్న బిల్లులు ఎన్ని, వాటి మొత్తం ఎంత అని అడగండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన అచ్చు వేయండి. ప్రభుత్వానికి నిజంగా ప్రయాణ ఖర్చు తగ్గించాలని ఉంటే, అద్దె కార్ల పద్దుకు నెలనెలా పరిమితి పెట్టి, చివరి గ్రేడు వాళ్ల బస్సు చార్జీలు బడ్జెట్ విడుదల కోసం ఆగకుండా ఆఫీసు చిల్లర ఖర్చుల్లోంచే అదే వారం ఇచ్చేలా ఒక ఉత్తర్వు చాలు. దానికి కమిటీ అక్కర్లేదు, కమిటీ సభ్యులకు టీఏ అసలే అక్కర్లేదు.

ఇట్లు,
ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగిని,
కాకినాడ